అటాచ్‌మెంటా, లింకా? ఆఫీసు ఫైలు మెయిల్‌లో పంపేముందు చూసుకోవాల్సినవి

హన్మకొండలో ఏ చిన్న ఆఫీసుకైనా వెళ్లండి. ఆడిట్ ఆఫీసు కావచ్చు, కాంట్రాక్టర్‌ది కావచ్చు, కాలేజీ అకౌంట్స్ సెక్షన్ కావచ్చు. ఓ మూలన ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ ఒకటి కనిపిస్తుంది, దాన్నే అందరూ సర్వర్ అంటారు. ఫైళ్లన్నీ అందులోనే ఉంటాయి. అయినా పక్క టేబుల్ వాళ్లకు ఫైలు కావాలంటే మాత్రం మెయిల్‌కు అటాచ్ చేసి పంపుతారు. వాళ్లు దాన్ని డౌన్‌లోడ్ చేసి, రెండు అంకెలు మార్చి, మళ్లీ అటాచ్ చేసి తిప్పి పంపుతారు. సాయంత్రానికి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ సార్ చూసింది’, ‘ఫైనల్ కరెక్ట్‌ది’ అని వరసగా పోగవుతాయి. జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1 వేసే 11వ తేదీ, 3బీ వేసే 20వ తేదీ దగ్గరపడ్డప్పుడు “ఇండ్ల లేటెస్ట్ ఏది?” అని అడిగితే ఎవరూ గట్టిగా చెప్పలేరు.

దీనికి మందు లింకే అని చాలామంది చెప్తారు. సగం నిజం. లింకుల్లోనూ రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో తలనొప్పి ఉంది. అటాచ్‌మెంటే సరైన సందర్భాలూ ఉన్నాయి. వరంగల్, కరీంనగర్ వైపు చిన్న ఆఫీసుల్లో నెట్‌వర్క్ పనులు చూసే మనిషిగా, ఏది ఎవరికి కుదురుతుందో ఇక్కడ రాస్తున్నాను.

## ముందు ఏం చూసుకోవాలి

అందరూ మొదట చూసేది సైజు. 25 ఎంబీ దాటితే లింక్, లోపుంటే అటాచ్‌మెంట్ అని ఓ లెక్క పెట్టుకుంటారు. నన్నడిగితే సైజు మూడో నాలుగో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే: ఆ ఫైలు ఇంకా మారుతుందా, లేక ఖరారైపోయిందా?

అటాచ్‌మెంట్ అంటే పంపిన క్షణానికి తీసిన కాపీ. ఆ తర్వాత మీ దగ్గరున్న ఫైలును ఎంత మార్చినా అవతలివాళ్ల దగ్గరున్నది మారదు. లింక్ అంటే ఫైలు ఉన్న చోటు. నొక్కిన రోజున అక్కడ ఏముంటే అదే కనిపిస్తుంది. కాబట్టి నలుగురి చేతుల్లో నలుగుతున్న ఫైలుకు లింక్ మేలు. సంతకమై, సీలు పడ్డ ఫైలుకు అటాచ్‌మెంట్ మేలు. ఈ ఒక్కటి పట్టుకుంటే సగం గొడవ తీరుతుంది.

రెండో ప్రశ్న, తీసుకునే మనిషి ఎక్కడున్నారు? మీ ఆఫీసు నెట్‌వర్క్‌లోనే ఉంటే మీ సర్వర్ ఫోల్డర్ లింక్ పనిచేస్తుంది. జనగామ బ్రాంచిలోనో హైదరాబాద్‌లోనో ఉంటే ఆ లింక్ వాళ్లకు ఉత్త అక్షరాలే.

మూడోది, ఆ ఫైలు ఇంకెవరి కంటా పడకూడదా? జీతాల షీటు, ఆధార్ కాపీ, పేషెంట్ రిపోర్ట్ ఒక తీరు. పెళ్లి ఆల్బమ్ డిజైన్ ఇంకో తీరు. ఆ తర్వాతే సైజు, నెట్ స్పీడు. చివరిది చాలామంది మర్చిపోయేది: రెండేళ్ల తర్వాత ఆ మెయిల్ తెరిస్తే ఫైలు దొరకాలా? ఇన్‌కంట్యాక్స్ నోటీసు వచ్చిన రోజు ఈ ప్రశ్న గుర్తొస్తుంది.

## అటాచ్‌మెంట్

దీని బలం ఏంటంటే, ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదు. అవతలి మనిషికి గూగుల్ అకౌంట్ ఉందా, మన సర్వర్ ఆన్‌లో ఉందా, కరెంటు ఉందా అన్న చింత లేదు. ఒకసారి దిగిందంటే నెట్ లేకున్నా తెరుచుకుంటుంది. ఏ తేదీన, ఎవరికి, ఏ కాపీ పంపామో మెయిల్‌లోనే నిలిచిపోతుంది. రేపు పేచీ వస్తే చూపించడానికి ఇంతకన్నా సులువైన రికార్డు లేదు. కొటేషన్, సంతకం చేసిన అగ్రిమెంట్, ఫైల్ చేసిన రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంట్ లాంటివి అటాచ్‌మెంట్‌గానే, అదీ పీడీఎఫ్‌గా పంపండి.

సైజు దగ్గర ఒక మెలిక ఉంది. జీమెయిల్ 25 ఎంబీ వరకు అటాచ్‌మెంట్ ఒప్పుకుంటుంది, అది దాటితే తనే గూగుల్ డ్రైవ్ లింకుగా మార్చేస్తుంది. అయితే మెయిల్‌లో ప్రయాణించేటప్పుడు ఫైలు అక్షరాల రూపంలోకి మారుతుంది, దాంతో సైజు సుమారు మూడో వంతు పెరుగుతుంది. 20 ఎంబీ ఫైలు దాదాపు 27 ఎంబీ అవుతుంది. అవతలి కంపెనీ మెయిల్ సర్వర్ 25కి కట్టడి పెట్టుకుని ఉంటే, “20 ఎంబీయే కదా” అని పంపింది కూడా తిరిగొస్తుంది. బయటి ఆఫీసులకు 15 ఎంబీ దాటితే అటాచ్ చేయకపోవడమే నయం. డాట్ ఈఎక్స్‌ఈ లాంటి ప్రోగ్రామ్ ఫైళ్లను జీమెయిల్ అసలు పోనివ్వదు, జిప్ చేసినా పట్టేస్తుంది.

రెండో ఖర్చు కనిపించదు. 8 ఎంబీ ఎక్సెల్ షీటును ఆరుగురికి పంపితే ఆరు మెయిల్‌బాక్సుల్లో 48 ఎంబీ. ఒక్కొక్కరు మార్చి తిప్పి పంపితే ఇంకా పెరుగుతుంది. ఉచిత గూగుల్ అకౌంటుకు ఉండేది 15 జీబీ, అందులోనే మెయిలూ డ్రైవూ ఫొటోలూ. అది నిండితే కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతాయి. ఆఫీసు పని అంతా ఒకే జీమెయిల్ మీద నడిపేవాళ్లకు అది పెద్ద దెబ్బ.

అన్నిటికన్నా ఇబ్బంది, వెనక్కి తీసుకోలేకపోవడం. తప్పు మనిషికి పోయిన జీతాల షీటు పోయినట్టే. జీమెయిల్‌లో ‘అన్‌డూ సెండ్’ ఉంది కానీ ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లు.

## ఆఫీసు నెట్‌వర్క్ ఫోల్డర్ లింక్

ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ల మధ్య నా మొదటి ఓటు దీనికే. ఫైలు సర్వర్‌లోనే ఉంటుంది. మెయిల్‌లో దాని దారి మాత్రం పంపుతారు, ఇలా:

\\సర్వర్\ఆడిట్\2025-26\ట్రయల్ బ్యాలెన్స్

అవతలివాళ్లు నొక్కితే అసలు ఫైలే తెరుచుకుంటుంది. కాపీలు లేవు, క్లౌడ్ చందా లేదు, నెట్ లేకున్నా పనవుతుంది. స్పీడులో దీనికి పోటీయే లేదు. 1 జీబీ ఫైలు గిగాబిట్ స్విచ్ మీద దాదాపు 10 సెకన్లలో వస్తుంది, పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ మీదైనా నిమిషంన్నర. అదే ఫైలును 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న లైన్ మీద క్లౌడ్‌కు ఎక్కించాలంటే 13, 14 నిమిషాలు.

మరి ఇంత మంచిదైతే అందరూ ఎందుకు వాడరు? ఎందుకంటే మొదటి రోజే ఎవరో ఒకరు “సార్, లింక్ ఓపెన్ అయితలేదు” అంటారు, దాంతో మళ్లీ అటాచ్‌మెంట్‌కు వచ్చేస్తారు. ఆ “అయితలేదు” వెనక కారణాలు ఎప్పుడూ కొన్నే.

మొదటిది డ్రైవ్ అక్షరం. మీ కంప్యూటర్‌లో ఆడిట్ ఫోల్డర్ జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది, మీరు జెడ్‌తో మొదలయ్యే దారినే కాపీ చేసి పంపుతారు. పక్క సీటులో అదే ఫోల్డర్ వై డ్రైవ్‌గా ఉంటుంది, లేదా అసలు మ్యాప్ చేసే (అంటే డ్రైవ్ అక్షరం తగిలించే) ఉండదు. అక్షరంతో కాకుండా, రెండు బ్యాక్‌స్లాష్‌ల తర్వాత సర్వర్ పేరుతో మొదలయ్యే దారి పంపాలి. విండోస్ 11లో ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే ‘కాపీ యాజ్ పాత్’ కనిపిస్తుంది. విండోస్ 10లో షిఫ్ట్ నొక్కి పట్టుకుని రైట్ క్లిక్ చేయాలి. అయితే మ్యాప్ చేసిన డ్రైవ్‌లోంచి కాపీ చేస్తే జెడ్ అక్షరమే వస్తుంది. అందుకని ముందు ఎక్స్‌ప్లోరర్ పైపట్టీలో సర్వర్ పేరు కొట్టి, ఆ దారిన లోపలికి వెళ్లి అక్కడ కాపీ చేయండి.

రెండోది ఖాళీలు. ‘ట్రయల్ బ్యాలెన్స్’ మధ్య ఉన్న ఖాళీ దగ్గరే లింక్ తెగిపోయి, ‘ట్రయల్’ వరకే నీలం రంగులోకి మారుతుంది. ఔట్‌లుక్‌లో రాస్తే దారి మొత్తాన్ని < > గుర్తుల మధ్య పెట్టండి. లేదంటే కంట్రోల్, కె నొక్కి హైపర్‌లింక్‌గా చేర్చండి. అప్పుడు ఖాళీ ఉన్నచోట %20 అని తనే పెట్టుకుంటుంది. ఫోల్డర్ పేర్లలో ఖాళీ బదులు అండర్‌స్కోర్ వాడటం ఆఫీసంతా అలవాటు చేస్తే ఈ బాధే ఉండదు.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టుకునేవాళ్లకు ఇంకో చిక్కు. లింకుగా మారినప్పుడు ఒక్కో తెలుగు అక్షరపు కోడ్ మూడు బైట్లు, అంటే శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులుగా విచ్చుకుంటుంది. ఒత్తులు, గుణింతాలు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. ‘వరంగల్ స్టాక్’ అనే చిన్న పేరు మెయిల్‌లో రెండు వరసల పిచ్చిరాతలా కనపడి, ఇదేదో వైరస్ అనుకుని నొక్కనివాళ్లను చూశాను. పైగా విండోస్‌లో చాలా ప్రోగ్రాములు 260 అక్షరాలు దాటిన దారిని తెరవలేవు. ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్ అని లోతుగా పెట్టుకోకండి.

మూడోది బ్రౌజర్. క్లాసిక్ ఔట్‌లుక్ ప్రోగ్రామ్‌లో మెయిల్ చూసేవాళ్లకు లింక్ నొక్కితే తెరుచుకుంటుంది. క్రోమ్‌లో జీమెయిల్ చూసేవాళ్లకు తెరుచుకోదు. వెబ్ పేజీలోంచి లోపలి ఫైళ్ల దగ్గరికి వెళ్లే లింకులను బ్రౌజర్లు భద్రత కోసం ఆపేస్తాయి. మన దగ్గర ఎక్కువ ఆఫీసులు జీమెయిల్‌ను బ్రౌజర్‌లోనే చూస్తాయి కాబట్టి ఇదే అన్నిటికన్నా పెద్ద అడ్డు. అలాంటిచోట లింక్‌గా కాకుండా దారిని మామూలు అక్షరాల్లో రాయండి. అవతలివాళ్లు కాపీ చేసి, విండోస్ కీతో ఆర్ నొక్కి, వచ్చిన డబ్బాలో పేస్ట్ చేసి ఎంటర్ కొడితే తెరుచుకుంటుంది. రెండు రోజులు విసుక్కుంటారు, తర్వాత చేయి అలవాటవుతుంది.

నాలుగోది పర్మిషన్. షేర్ (నెట్‌వర్క్‌లో అందరికీ పంచిన ఫోల్డర్) మీద ఒక పర్మిషన్, అసలు ఫోల్డర్ మీద ఇంకో పర్మిషన్ ఉంటాయి; నెట్‌వర్క్‌లోంచి వచ్చినప్పుడు రెండిట్లో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. “నేను ఫుల్ కంట్రోల్ ఇచ్చిన కదా” అనేవాళ్లు సాధారణంగా ఒక్కచోటే ఇచ్చి ఉంటారు. విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్ తర్వాత ఇంకో మార్పు వచ్చింది. ప్రొఫెషనల్ ఎడిషన్‌లో, పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరిచే పాత షేర్లు ఇప్పుడు తెరుచుకోవు. రూటర్‌కు హార్డ్‌డిస్క్ తగిలించి నడుపుకున్నవాళ్లు దీంతో తిప్పలు పడ్డారు. ఆ సెట్టింగును వెనక్కి తిప్పే చిట్కాలు దొరుకుతాయి కానీ, ఒక్కొక్కరికీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టుకోవడమే సరైన దారి.

ఇవి దాటాక కూడా ఒప్పుకోవాల్సిన లోపాలు మూడున్నాయి. ఫోల్డర్ పేరు మార్చినా, ఫైలును జరిపినా పాత మెయిళ్లలోని లింకులన్నీ చచ్చిపోతాయి. ఒకరు ఎక్సెల్ తెరిచి ఉంచితే మిగతావాళ్లకు చదవడానికే వస్తుంది. ఫైలు తెరిచిపెట్టి టీ తాగడానికి పోయిన మనిషి కోసం ఆఫీసంతా చూడాలి. మూడోది అసలైన ప్రమాదం: నెట్‌వర్క్ ఫోల్డర్‌లో డిలీట్ చేసినవి మీ రీసైకిల్ బిన్‌లోకి రావు, నేరుగా పోతాయి. కాబట్టి రోజువారీ బ్యాకప్ లేని సర్వర్ మీద ఈ పద్ధతి మొదలుపెట్టకండి.

సర్వర్ అని పిలిచేది మామూలు విండోస్ 10, 11 కంప్యూటరే అయితే ఒకేసారి 20 కనెక్షన్ల వరకే ఇస్తుంది. నలుగురైదుగురున్న ఆఫీసుకు ఇబ్బంది లేదు. కాలేజీ ల్యాబ్‌కు చాలదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది కాబట్టి, ఆ మెషీన్‌ను సర్వర్‌గా ఇంకా నడుపుతుంటే దాని సంగతి కూడా చూడండి.

## క్లౌడ్ లింక్: డ్రైవ్, వన్‌డ్రైవ్

బయటివాళ్లతో కలిసి చేసే పనికి ఇదే. ఇల్లు, ఆఫీసు, ఫోను ఎక్కడినుంచైనా తెరుచుకుంటుంది. గూగుల్ షీట్ అయితే ముగ్గురు ఒకేసారి రాయొచ్చు. డ్రైవ్ లింక్ ఫైలు పేరు మీద కాకుండా దాని ఐడీ మీద నడుస్తుంది, అందుకని పేరు మార్చినా, ఇంకో ఫోల్డర్‌లోకి జరిపినా లింక్ తెగదు. నెట్‌వర్క్ ఫోల్డర్‌కు లేని సుఖం ఇది. ఎక్సెల్, పీడీఎఫ్ లాంటి ఫైళ్లను కొత్త వర్షన్‌గా ఎక్కిస్తే పాత వర్షన్లు 30 రోజుల దాకా ఉంటాయి. డిలీట్ చేసినా 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. ఉచితంగా గూగుల్ 15 జీబీ, వన్‌డ్రైవ్ 5 జీబీ ఇస్తాయి.

జాగ్రత్త పడాల్సింది పర్మిషన్ దగ్గర. ‘రిస్ట్రిక్టెడ్’ అని వదిలేస్తే అవతలివాళ్లకు ‘యాక్సెస్ కావాలి’ అన్న పేజీ వస్తుంది, మీకు రిక్వెస్ట్ మెయిల్ వస్తుంది. మీరు ఆదివారం మేడారమో లక్నవరమో పోయి ఉంటే వాళ్ల పని సోమవారం దాకా ఆగుతుంది. ఆ టెన్షన్ వద్దని ‘లింక్ ఉన్న ఎవరైనా’ అని పెడతారు. అప్పుడు ఆ లింక్ ఎవరి వాట్సాప్‌కు చేరినా వాళ్లు తెరవగలరు. ఎడిటర్ హక్కు కూడా ఇచ్చి ఉంటే మార్చగలరు కూడా. మధ్యేమార్గం ఒకటుంది: జీమెయిల్‌లో కింద ఉండే డ్రైవ్ గుర్తు నొక్కి ఫైలు చేర్చండి. పంపేముందు, ఆ అడ్రసుకు చూసే హక్కు లేకపోతే జీమెయిలే గుర్తుచేసి, ఇవ్వమంటారా అని అడుగుతుంది. ఔట్‌లుక్‌లో వన్‌డ్రైవ్ ఫైలు చేర్చినప్పుడు కూడా లింకా, కాపీనా అని అడుగుతుంది. అలవాటుగా ‘కాపీ’ నొక్కకండి.

ఇంకో మాట, దీన్ని ఎవరూ ముందు ఆలోచించరు. ఆఫీసు ఫైళ్లు ఎవరి అకౌంట్‌లో ఉన్నాయి? కంప్యూటర్ బాగా వచ్చిన కుర్రాడు తన సొంత జీమెయిల్‌లో ఫోల్డర్ తెరిచి అందరికీ లింక్ ఇస్తాడు. ఏడాదికి అతను గచ్చిబౌలిలో ఉద్యోగం దొరికి పోతాడు. ఫైళ్ల ఓనర్ అతనే. జాగా చాలక ఓ రోజు ఆ ఫోల్డర్ డిలీట్ చేస్తే అతన్ని తప్పుపట్టలేరు కూడా. పైగా రెండేళ్లు ముట్టుకోని సొంత అకౌంట్లను గూగుల్ తొలగించే పద్ధతి 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. ఆఫీసు పేరుతో ఒక అకౌంట్ తెరిచి, పాస్‌వర్డూ రికవరీ నంబరూ ఓనర్ దగ్గర పెట్టుకోండి.

ట్యాలీ వాడేవాళ్లు గుర్తుంచుకోండి, నడుస్తున్న కంపెనీ డేటా ఫోల్డర్‌ను డ్రైవ్ సింక్‌లో పెట్టొద్దు. రెండు మెషీన్లలోంచి సింక్ అయ్యి డేటా చెడిపోయే ప్రమాదం ఉంది. బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ ఫైలును ఎక్కించండి.

## న్యాస్, వాట్సాప్, పెన్‌డ్రైవ్

న్యాస్ అంటే నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజ్ పెట్టె. సైనాలజీ, క్యూన్యాప్ లాంటివి లోపలివాళ్లకు నెట్‌వర్క్ ఫోల్డర్‌లా, బయటివాళ్లకు పాస్‌వర్డూ గడువు తేదీ ఉన్న లింక్‌లా రెండు విధాలా పనిచేస్తాయి. స్టూడియోలకు, ఆర్కిటెక్టులకు ఇది బాగా కుదురుతుంది. మన బ్రాడ్‌బ్యాండ్ లైన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల ఇంటర్నెట్ అడ్రసు) ఉండదు కాబట్టి బయటి లింక్ ఆ న్యాస్ కంపెనీ మధ్యవర్తి సర్వర్ ద్వారా వెళ్తుంది, కొంచెం నెమ్మదిగా ఉంటుంది. బయటివాళ్లు డౌన్‌లోడ్ చేసేటప్పుడు మీ దగ్గర కరెంటు ఉండాలన్నది కూడా మర్చిపోవద్దు. యూపీఎస్ ఖర్చు కలిపి లెక్కేసుకోండి.

వాట్సాప్‌లో డాక్యుమెంట్ 2 జీబీ దాకా పోతుంది. తొందర పనికి సరే. ఫొటోగా పంపితే క్వాలిటీ పోతుంది, డాక్యుమెంట్‌గానే పంపండి. ఆఫీసు రికార్డుగా మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. ఫోన్ మారిన రోజు ఫైలూ పోవచ్చు. పెన్‌డ్రైవ్ గురించి చెప్పేదేముంది, వైరస్‌కు అదే ఆటో.

## ఒక్కచోట చూస్తే

| చూడాల్సింది | అటాచ్‌మెంట్ | నెట్‌వర్క్ ఫోల్డర్ లింక్ | క్లౌడ్ లింక్ | న్యాస్ లింక్ |
|---|---|---|---|---|
| మారుతున్న ఫైలుకు | పనికిరాదు | బాగుంటుంది, ఒకసారి ఒకరే రాయగలరు | చాలా బాగుంటుంది | బాగుంటుంది |
| ఖరారైన ఫైలుకు | ఇదే మేలు | తర్వాత ఎవరైనా మార్చొచ్చు | చూసే హక్కు మాత్రమే ఇవ్వాలి | గడువు పెట్టి ఇవ్వొచ్చు |
| బయటివాళ్లకు | పనిచేస్తుంది | పనిచేయదు | పనిచేస్తుంది | పనిచేస్తుంది, కరెంటు ఉంటే |
| పెద్ద ఫైళ్లకు | 15 ఎంబీ దాకా | ఎంతైనా | జాగా, అప్‌లోడ్ స్పీడును బట్టి | డిస్కు, అప్‌లోడ్ స్పీడును బట్టి |
| పంపాక ఆపడం | కుదరదు | కుదురుతుంది | కుదురుతుంది | కుదురుతుంది |
| ఫైలు జరిపితే | ఫరక్ పడదు | లింక్ తెగుతుంది | డ్రైవ్‌లో తెగదు | నెట్‌వర్క్ దారి తెగుతుంది |
| ఖర్చు | లేదు | ఉన్న కంప్యూటర్ చాలు | ఉచితం, నిండితే చందా | పెట్టె, డిస్కులు కొనాలి |

‘పంపాక ఆపడం’ అన్న వరస గురించి చిన్న వివరణ. హక్కు తీసేస్తే లింక్ ఆగుతుంది నిజమే, అంతకుముందే డౌన్‌లోడ్ చేసుకున్న కాపీని ఎవరూ ఆపలేరు.

## ఎవరికి ఏది

ఆడిట్, ట్యాక్స్ ఆఫీసులు. లోపల నెట్‌వర్క్ ఫోల్డర్ లింక్. క్లయింట్ల నుంచి బిల్లులు తీసుకోవడానికి ఒక్కో క్లయింటుకు ఒక క్లౌడ్ ఫోల్డర్. ఎనుమాముల మార్కెట్ కమీషన్ ఏజెంట్లకు మిర్చి సీజన్‌లో తక్‌పట్టీల (సరుకు అమ్మిన లెక్క చీటీల) ఫొటోలు కుప్పలుగా వస్తుంటాయి. వాటిని మెయిల్‌కు అటాచ్ చేయమనడం కన్నా ఫోల్డర్‌లో వేయమనడం ఇద్దరికీ హాయి. ఫైల్ చేసిన రిటర్న్ మాత్రం పీడీఎఫ్ అటాచ్‌మెంట్‌గా పంపండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి; ఆ చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. తేదీతో సహా మెయిల్‌లోనే ఉన్న కాపీ చేతిలో ఉంటే, ఎప్పుడైనా మారగల లింక్ కన్నా వాదన గట్టిగా ఉంటుంది.

ఫొటో స్టూడియోలు, ఫ్లెక్స్ డిజైనర్లు. మీకు అటాచ్‌మెంట్ ఎలాగూ కుదరదు. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో ఒక్క లేయరే, కుదించకముందు, సుమారు 117 ఎంబీ. 40 షీట్ల ఆల్బమ్ అంటే ఎంతవుతుందో మీకే తెలుసు. డబ్బుంటే న్యాస్, లేకుంటే చందా కట్టిన క్లౌడ్. కస్టమర్‌కు చూపించడానికి చిన్న జేపెగ్‌లు, ల్యాబ్‌కు అసలు ఫైళ్లు. రెండిటికీ వేర్వేరు లింకులు ఇవ్వండి, లేదంటే కస్టమర్ ఫోన్‌లో ఒరిజినల్ దిగుతూ డేటా ప్యాక్ అయిపోయి మీకే ఫోన్ చేస్తాడు.

డీటీపీ, ప్రింటింగ్ ప్రెస్‌లు. పెళ్లి పత్రికలు ఇప్పటికీ అను ఫాంట్లలోనే కొట్టేచోట్ల, ఆ ఫైలును క్లౌడ్ లింక్‌గా ఇస్తే ప్రివ్యూలో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫాంటు అవతల ఉండదు కదా. కస్టమర్ “మా తాత పేరు ఇట్ల వచ్చిందేంది?” అని గాబరా పడతాడు. ప్రూఫ్ ఎప్పుడూ ఫాంట్ ఎంబెడ్ చేసిన పీడీఎఫ్‌గా, అటాచ్‌మెంట్‌గా పంపండి. చిన్న ఫైలే, పైగా కస్టమర్ ఏ ప్రూఫ్‌కు ఓకే అన్నాడో మెయిల్‌లో ఉండిపోతుంది.

డయాగ్నస్టిక్ సెంటర్లు. పేషెంటుకు రిపోర్ట్ పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్‌గా పంపండి. సీటీ, ఎంఆర్ఐ ఇమేజులు వందల ఎంబీల్లో ఉంటాయి కాబట్టి డాక్టర్‌కు లింక్, ఆయన అడ్రసుకు మాత్రమే హక్కు ఇచ్చి. ‘లింక్ ఉన్న ఎవరైనా’ అన్నది ఇక్కడ వాడనే వాడొద్దు. పేషెంట్ల వివరాలు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిధిలోకి కూడా వస్తాయి, ఆ చట్టాన్ని దశలవారీగా అమల్లోకి తెస్తున్నారు.

కరీంనగర్, జగిత్యాల, మహబూబాబాద్ బ్రాంచిలున్న వ్యాపారాలు. రెండు దారులు. క్లౌడ్‌కు పూర్తిగా మారిపోవడం, లేదా బ్రాంచిలను వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీద నడిచే సొంత, రహస్య దారితో) హెడ్డాఫీసు నెట్‌వర్క్‌కు కలపడం. వీపీఎన్ కలిపితే నెట్‌వర్క్ ఫోల్డర్ లింక్ బ్రాంచిలోనూ పనిచేస్తుంది, కానీ నెట్ నెమ్మదిగా ఉంటే ఎక్సెల్ తెరవడానికే విసుగొస్తుంది. చూసిపెట్టే మనిషి లేకపోతే క్లౌడే నయం.

యూనివర్సిటీ విద్యార్థులు. థీసిస్ గైడ్‌కు పంపేటప్పుడు కామెంట్ హక్కుతో క్లౌడ్ లింక్. జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ కోసం మాత్రం అక్కడి కంప్యూటర్‌లో మీ జీమెయిల్ తెరవకండి. “అన్నా, మెయిల్ చేసిన చూడు” అని పంపిన ఫైలు ఆ షాపు ఇన్‌బాక్స్‌లో ఏళ్లతరబడి ఉంటుంది. దానికన్నా చూసే హక్కుతో లింక్ పంపి, ప్రింట్ అయ్యాక హక్కు తీసేయండి.

## లింక్ వాడేటప్పుడు రెండు ప్రమాదాలు

బయటి నుంచి వచ్చిన మెయిల్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే దారి కనిపిస్తే నొక్కొద్దు. నొక్కగానే మీ కంప్యూటర్ ఆ సర్వర్‌కు లాగిన్ అవడానికి చూస్తుంది, ఆ క్రమంలో మీ విండోస్ పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ను మార్చి దాచిన గుప్త రూపం) అవతలివాళ్ల చేతికి పోవచ్చు. నెట్‌వర్క్ దారి మీ ఆఫీసు మనుషుల నుంచి, మీ సర్వర్ పేరుతో వస్తేనే నమ్మాలి.

రెండోది, బయటి నుంచి కూడా ఫోల్డర్ తెరుచుకోవాలని రూటర్‌లో 445 పోర్టు (విండోస్ ఫైల్ షేరింగ్ నడిచే ద్వారం) తెరవడం. ఎవరు సలహా ఇచ్చినా వినొద్దు. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) పాకింది విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం గుండానే. ర్యాన్సమ్‌వేర్ ఒక మెషీన్‌లోకి వస్తే మ్యాప్ చేసి ఉన్న డ్రైవులన్నిటికీ తాళం వేస్తుంది. అందుకే బ్యాకప్ డిస్కును ఎప్పుడూ తగిలించి ఉంచకుండా, తీసి పక్కన పెట్టమనేది.

## మెయిల్‌లో ఎలా రాయాలి

ఒట్టి లింక్ పెట్టి పంపితే అనుమానంతో చూస్తారు, చూడాలి కూడా. ఏ ఫైలు, ఏం చేయాలి, ఎప్పటిలోగా అన్నది రాసి, కింద లింక్ పెట్టండి. ఇలా:

“సార్, నవంబర్ ట్రయల్ బ్యాలెన్స్ ఆడిట్ ఫోల్డర్‌లో ఉంది. డెబిటర్స్ షీటు మాత్రమే మీరు చూడాలి. 18 లోపు అయితే 3బీకి ఇబ్బంది ఉండదు. దారి కింద ఇచ్చాను, తెరుచుకోకపోతే విండోస్ కీ, ఆర్ నొక్కి పేస్ట్ చేయండి.”

నెట్‌వర్క్ లింకుల పద్ధతికి మారేవాళ్లు సర్వర్‌కు, షేర్‌కు పేరు పెట్టేముందు కాస్త ఆలోచించండి. ‘రమేశ్ పీసీ’ లాంటి పేరు పెడితే ఆ మనిషి పోయినా పేరు మిగిలిపోతుంది. ఆడిట్, అకౌంట్స్, స్టాక్ అని పనిని బట్టి పెట్టండి. రేపు కొత్త మెషీన్ కొన్నప్పుడు పాతదాన్ని ముందు నెట్‌వర్క్‌లోంచి తీసేసి, కొత్తదానికి అదే పేరు, అవే షేర్ పేర్లు, అదే ఫోల్డర్ వరస ఇస్తే, పాత మెయిళ్లలో ఉన్న లింకులు ఎప్పటిలాగే తెరుచుకుంటాయి.